కండె

జంపఖానా అప్పజెప్పెతందుకు నయీంనగర్ పోయిన.
నీలం మీద తెల్ల చారలు, ఎనిమిదడుగుల పొడుగు.
పైసలు లెక్కవెట్టి ఇచ్చిన బ్యాంకు మేడమ్
తలుపుసందుల నిలవడి అడిగింది:
"కొత్త ఫ్లాటుల కుక్కలకు పర్మిషన్ లేదట.
మీ కొత్తవాడల ఎవరన్న సాదుకుంటరా?"

ఆమె కాళ్లకాడ ఒక బొచ్చుముద్ద.
తల ఏ దిక్కో, తోక ఏ దిక్కో.
"నేను" అన్న.
ఎందుకన్ననో ఇప్పటికి తెల్వది.

జంపఖానా తీస్కపోయిన సంచిలనే
కుక్కను తెచ్చిన.
దానెంబడి ఒక స్టీలుగిన్నె, ఒక దువ్వెన,
సగం దాణా పాకిటు, టీకాల పుస్తకం.
పుస్తకంల పుట్టిన తారీకు రాసున్నది.
కౌసల్య సదివి నవ్వింది:
"నీకు లేదు, నాకు లేదు, దీనికున్నది."
జాతి లాసా. పేరు ప్రిన్సెస్.
గల్లీల నిలవడి ఆ పేరు పిలుద్దామంటె
నోరు తిరుగలె, సిగ్గయింది.

మూడు దినాలు తిన్లె.
దాణా ముట్టలె, పెరుగన్నం ముట్టలె.
నాలుగోనాడు మగ్గం గుంటలకు దిగింది.
ఆ గుంటల నేను కాళ్లు వెట్టక నాలుగు నెలలు.
ఆర్డర్లు లేవు, తొక్కుడుచెక్కల మీద దుమ్ము.
ఆ సల్లదనంల మూతి దాసుకొని
సుట్టుకొని సుట్టుకొని పండుకుంటె
కౌసల్య అన్నది,
"అగో, నూలు సుట్టిన కండె లెక్క."
గట్ల పడ్డది పేరు.

ఈ బొచ్చు దినాం దువ్వాలె.
రెండొద్దులు మరిస్తె చెవులెనుక గడ్డకడ్తది.
మేడమ్ ఇచ్చిన దువ్వెనకు పండ్లిరిగినయి.
నూలు సంగతైతే నాకెరుక:
చిక్కును గుంజద్దు, అడగాలె.
ఏ పోగు ఏడికెల్లి అచ్చిందో
ఏలుతోని, కొబ్బరినూనె సుక్కతోని
మెల్లగ అడగాలె.
మొదలు పండ్లు సూపింది.
ఎనుక చెయ్యి నాకింది.
ఒకనాడు తనంతల తనే
పంజా ఎత్తి నా మోకాలు మీద వెట్టింది.

ముప్పై ఐదేండ్ల సంది
నా చేతులున్నది ఇనుప పంజా,
పేకను కొట్టి కొట్టి కూసవెట్టేది.
అదే మాట
ఇంత మెత్తగ కూడ ఉంటదని
ఎవరు చెప్పిండ్రు నాకు?

కండ్ల మీది జుట్టు లేపి
ఎర్రపోగుతోని పిలక కడితె
అప్పుడు కనవడ్డది మొఖం.
కుడికంటి మీద తెల్లపొర.
పుస్తకంల ఈ సంగతి రాయలె.

ఎండకాలం మాత్రం యుద్ధమే.
మంచుదేశపు బొచ్చు, ఓరుగల్లు ఎండ.
కూలర్ ముందట అది, గోడకు ఆనుకొని మేము.
హన్మకొండ షాపోడు కటింగుకు తొమ్మిదొందలన్నడు.
కౌసల్యనే కత్తెర పట్టింది.
మెట్లు మెట్లుగ అచ్చింది.
గల్లీ కుక్కలు సుత నవ్వినట్టే సూసినయి.
కండె గడప లోపల నిలవడి
వాటిని పులి లెక్క మొరిగి,
అవి ఒక్కడుగు ముందుకేస్తె
నా కాళ్లెనుక దూరింది.

"మనుషులకే దిక్కులేదు, దీనికి సోకులా?"
అన్నది పక్కింటి నర్సవ్వ.
అన్న మూడోనాడే
చేపముక్క కాయితంల సుట్టి తెచ్చింది.

వానలు వడ్డంక రెండే రెండు జంపఖానాలు,
హైదరబాద్ ఎగ్జిబిషన్కు.
గుంటలకు దిగి "జరుగవ్వా" అంటె
జానెడు జరిగింది, అంతే.
ఎడమకాలు తొక్కితె ఒక చెవి,
కుడికాలు తొక్కితె ఇంకో చెవి.
పంజా దెబ్బకు మొదట్ల ఉలిక్కిపడేది.
ఇప్పుడు పంజా ఆగితె లేసి సూస్తది.

దువ్వెనల మిగిలిన బొచ్చంత
కౌసల్య పాలిథిన్ కవర్ల దాస్తది.
మొన్న రాత్రి కరెంటు పోయినప్పుడు
ఏండ్ల కిందటి చేతివాటం యాదికచ్చి
తొడ మీద పెట్టి వడికింది.
మూరెడు పోగైంది. బూడిద తెలుపు.

నేను ఏమనలె.
రెండో జంపఖానాల, అంచు పక్కపొంటి,
ఎవరికి కనవడకుండ పేకల కలిపి కొట్టిన.

ఎవరింట్ల పరుస్తరో, ఏ అంతస్తులో.
మనుషులు తొక్కుకుంట పోతరు.
ఏదన్న కుక్క ఉన్న ఇల్లైతె,
ఆ అంచుకాడ ఒక్క ఘడియ నిలవడి
మూతి ఆనిచ్చి,
మల్ల తోవ పట్టి పోతదేమో.